ప్రశ్నావళి గారికి, 'ఇతరములు' రాయునది

తిరుపతి, కొర్లగుంట.

గౌరవనీయులైన ప్రశ్నావళి గారికి,

ఉభయకుశలోపరి. నా కుశలం మీకు తెలియంది కాదు, ఈ ఏడాదిలోనే మూడుసార్లు అడిగారు. ఒకసారి ఆస్పత్రిలో నా లివర్ గురించి, ఒకసారి ఆడిటోరియం గుమ్మంలో నా కళాభిరుచి గురించి, ఇంకోసారి మా వరండాలోనే కూర్చోబెట్టి నా కూరగాయల గురించి. పిల్లనిచ్చిన మామగారు కూడా ఇన్ని అడగలేదు. అన్నిటికీ బదులిచ్చాను. కానీ మీ గళ్లలో నేను పట్టలేదు.

లివర్‌తో మొదలుపెడతాను. స్కాన్ చూసి డాక్టరు గారు 'ఫ్యాటీ లివర్' అన్నారో లేదో, మీరు పది ప్రశ్నలతో ప్రత్యక్షమయ్యారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించినవట. పదీ మద్యం గురించే. మొదటిదానికి 'ఎప్పుడూ లేదు' అంటే తిన్నగా తొమ్మిదికి దూకొచ్చని ఎక్కడో చిన్నక్షరాల్లో ఉందట. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయిన నేను వరసగా అన్నీ గట్టిగా చదివించుకున్నాను. 'తాగిన మర్నాడు రాత్రి జరిగింది గుర్తులేకపోవడం ఎన్నిసార్లు?' అనే ఎనిమిదో ప్రశ్న దగ్గర పక్కనున్న మా ఆవిడ నావైపు తిరిగింది. ముప్పయ్యయిదేళ్ల కాపురంలో ఆ చూపు నేనెరగను.

మీ పెద్దలకు ఈ బాధ తెలుసు. ఈ జబ్బుకు 'మద్యం వల్ల కాని' అని మొదలయ్యే పాత పేరులో వినేవాడి చెవికి మద్యమే తగులుతుందని 2023లో పేరే మార్చారు. ఇప్పుడది ఎంఏఎస్ఎల్‌డీ, అంటే ఒంట్లో జీవక్రియ గాడి తప్పడంతో ముడిపడ్డ ఫ్యాటీ లివర్. కాలేయంలో కొవ్వుతోపాటు బరువు, షుగరు, బీపీ, ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్ట్రాల్, ఈ అయిదింట్లో ఒక్కటి గాడి తప్పినా చాలు, ఆ పేరు పడుతుంది. నాకు మూడు తప్పాయి. పేరులోంచి మద్యం పోయింది గానీ మా వీధిలోంచి పోలేదు. టీ అంగడి దగ్గర ఒకాయన గొంతు తగ్గించి, "లివరంట గదా సార్, అలవాటు ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు.

మిమ్మల్ని తీసిపారేస్తున్నానని అనుకోవద్దు. ఈ జబ్బు ముదిరి కాలేయం మచ్చలు కట్టే దశకు అమెరికాలో మొదటిసారి అనుమతి వచ్చిన మందు రెస్మెటిరోమ్, 2024 మార్చిలో. దాన్ని పరీక్షించి చూసిన అధ్యయనం వెనక 966 మంది ఉన్నారు. ఏడాదిపాటు మాత్రలు మింగి, సూది గుచ్చి కాలేయం ముక్క తీస్తుంటే పడుకుని, మీలాంటి వాళ్లకు ఓపిగ్గా జవాబులు చెప్పినవాళ్లు. ఎక్కువ మోతాదు వేసుకున్నవాళ్లలో దాదాపు 30 శాతం మందికి కాలేయం వాపు జబ్బు నయమైంది, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో 10 శాతం మందికి. (ఆ పదిశాతం సంగతి చదివాక మా ఆవిడ పోసే తీర్థాన్ని వద్దనడం మానేశాను.) నాకింకా ఆ మందు దాకా రాలేదు. బరువులో ఏడు నుంచి పది శాతం తగ్గమన్నారు. చెప్పినంత సులువుగా తగ్గేట్టుంటే మీతో పరిచయమే ఉండేది కాదు.

ఇక 'ఎలా ఉంది, 1 నుంచి 5 దాకా ఒక అంకె చెప్పండి' అనే మీ కొలత. 1932లో లైకర్ట్ అనే అమెరికా మనస్తత్వవేత్త మొదలుపెట్టిన ముచ్చట ఇది. మావాళ్లు జ్వరంలోనూ 'పర్వాలేదు' అంటారు, కూతురి పెళ్లి కుదిరినా 'ఏదో, పర్వాలేదు' అంటారు. మొదటిది ఎంత, రెండోది ఎంత? మీ తరఫున వచ్చిన అమ్మాయి విసిగిపోయి, "సార్, మూడేసుకోనా?" అంది. సరే వేసుకోమన్నాను. పాపం ఎండన పడి వచ్చింది.

ఆడిటోరియంలో 'ఎందుకు వచ్చారు?' అన్నారు. వినోదం, విజ్ఞానం, కుటుంబంతో గడపడం, ఇతరములు. మే నెల, మా వీధిలో కరెంటు లేదు, లోపల ఏసీ. కాబట్టి ఇతరములు. మీరోసారి మా పెనుమూరు వైపు, ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగేటప్పుడు రండి. మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం, రోజుల తరబడి. 'ఎంతసేపు ఉన్నారు?' అంటే తెల్లారేదాకా, అందులో మూడు గంటలు చాపమీద నిద్ర, భీముడు అరిచినప్పుడు లేవడం. అర్జునుడు తపస్సు మాను అనే నిలువెత్తు స్తంభం ఎక్కి పైనుంచి నిమ్మకాయలు విసురుతాడు. కింద తడిబట్టలతో సాగిలపడి ఉన్న ఆడబిడ్డలు బిడ్డ కోసం వచ్చినవాళ్లు. వాళ్లని ప్రేక్షకుల్లో రాసుకుంటారా? ఏ గడిలో?

మూడోది కూడు సంగతి. 'మీ ప్రధాన ఆహారం: బియ్యం, గోధుమ, ఇతరములు.' తరతరాలుగా ఈ జిల్లాను నిలబెట్టిన రాగి సంగటి కూడా నాతోపాటు ఇతరముల్లోకే వచ్చింది. 'తాజా కూరగాయలు దగ్గర్లో దొరుకుతాయా?' దొరుకుతాయి, బండి గుమ్మం ముందే ఆగుతుంది. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో టమాటా రెండొందలకు చేరువైనప్పుడు కూడా ఆగింది. ఆగిందా అంటారు సరే, కొన్నామా అని కదా అడగాలి.

ఊరి నుంచి వచ్చిన మా పెద్దమ్మనూ వదల్లేదు మీరు. గత పన్నెండు నెలల్లో డబ్బు లేక తిండి మానేశారా అని, ఒకటి తర్వాత ఒకటి, ఎనిమిది ప్రశ్నలు. ఆమె 'తిండి మానేశారా' అన్నంతవరకే విని, "పెరటాసి నెల శనివారాలన్నీ ఒక్కపొద్దే కదమ్మా" అంది. అమ్మాయి కంగారుపడి, అది కాదవ్వా, డబ్బుల్లేక, అని విడమరిచింది. పెద్దమ్మ కాసేపు గోడకేసి చూసింది. ఆ ఏడాది మామిడి కాయ కొనేవాడు లేక తోటలోనే కుళ్లిపోయింది, నాకు తెలుసు. "లేదులేమ్మా. ఎండలో వచ్చినావు, మజ్జిగ తాగుతావా?" అంది.

ఎనిమిదింటికీ 'లేదు' పడింది.

అమ్మాయి వెళ్లాక చూస్తే దారం కట్టిన మీ పెన్ను మా వరండాలోనే ఉంది. ఈ ఉత్తరం దాంతోనే రాశాను. దారం కొంచెం పొట్టిది, చెయ్యి లాగుతోంది.

ఇట్లు,
ఇతరములు (వివరించండి: ____ )