ఎలుకల లెక్క కూడా తేలాలి

'ఎలుకల్లో క్యాన్సర్ కణితి మాయం' అన్న వార్త తరచూ వస్తూనే ఉంటుంది. ఇంట్లో రోగి ఉన్నవాళ్లు ఆ పేపర్ కటింగ్ పట్టుకుని డాక్టర్ దగ్గరికి పరిగెడతారు. ఆ మందు ఇంకా మనిషి దాకా రాలేదని అక్కడ తెలుస్తుంది. వచ్చినా గ్యారంటీ లేదు. మనుషులపై ట్రయల్స్ మొదలైన క్యాన్సర్ మందుల్లో పదింట తొమ్మిది ఆమోదం పొందకుండానే ఆగిపోతున్నాయి. అవి చాలావరకు అంతకుముందు జంతువుల్లో భేషుగ్గా పనిచేసినవే.

మందును పరీక్షించడానికి మనిషి కణితిని మామూలు ఎలుకలో నాటితే దాని రోగనిరోధక శక్తి ఆ పరాయి కణాలను బతకనివ్వదు. 1962లో గ్లాస్గోలోని రుచిల్ ఆస్పత్రి ల్యాబ్‌లో వెంట్రుకలు లేని ఎలుకలు పుట్టాయి. వాటిలో నిరోధక కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి లేదని 1968లో తేలింది. మరుసటి ఏడాదే కోపెన్‌హాగన్‌లో రైగార్డ్, పోవల్సెన్ అనే పరిశోధకులు మనిషి పెద్దపేగు క్యాన్సర్ ముక్కను అలాంటి 'న్యూడ్' ఎలుకలో నాటితే అది పెరిగింది. ఆ తర్వాత నిరోధక శక్తి ఇంకా తక్కువ ఉన్న జాతులనూ తయారు చేశారు. జలుబు స్థాయి క్రిమి కూడా వీటికి ప్రాణాంతకమే. అందుకే వడగట్టిన గాలి వచ్చే పంజరం, స్టెరిలైజ్ చేసిన మేత, నీళ్లు. డొక్క దగ్గర చర్మం కింద ఉబ్బిన కణితిని వారానికి రెండు మూడుసార్లు కాలిపర్‌తో కొలుస్తారు. వెడల్పును వెడల్పుతో, దాన్ని పొడవుతో హెచ్చించి సగం చేస్తే సైజు వస్తుంది. హద్దు దాటితే ఎలుకను నొప్పి లేకుండా చంపాలి.

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా ఈ నమూనాకు పెద్ద లోటుంది. నేటి క్యాన్సర్ వైద్యంలో ముఖ్యమైన ఇమ్యూనోథెరపీ రోగి సొంత నిరోధక శక్తిని నిద్రలేపుతుంది. ఆ శక్తే లేని ఎలుకలో దాన్నెలా పరీక్షిస్తారు? మనిషి నిరోధక కణాలను ఎక్కించిన ఎలుకలున్నా వాటి ఖర్చూ ఎక్కువే, చిక్కులూ ఎక్కువే. పైగా ఎలుక నుంచి ఎలుకకు మార్చేకొద్దీ కణితే మారిపోతుందని 2017లో అమెరికాలోని బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు వెయ్యికి పైగా నమూనాలు చూసి చెప్పారు.

అలాగని రేపటి నుంచే ఈ ప్రయోగాలు ఆపేయాలని మేము అనడం లేదు. గాజు పళ్లెంలో పెరిగే కణాలకు రక్తనాళాలు, కాలేయం ఉండవు. మందు ఒంట్లో ఎలా తిరుగుతుందో అవి చెప్పలేవు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 2016లో ల్యాబుల్లో పెంచే తన పాత కణ జాతులను పక్కన పెడతామని చెప్పి, రోగి కణితులను నేరుగా ఎలుకల్లో పెంచే పద్ధతికి మొగ్గింది ఇందుకే. ఆర్గనాయిడ్లు (కణాలతో ల్యాబ్‌లో పెంచే బుల్లి అవయవాలు), చిప్ మీద అవయవాలు (అవయవం పనితీరును అనుకరించేలా చిన్న పరికరంలో అమర్చిన కణాలు) వస్తున్నాయి. 2023లో మన ఔషధ ట్రయల్స్ నిబంధనలను సవరించి కేంద్రం వాటికీ తలుపు తీసింది. అవి ఎలుక స్థానాన్ని పూర్తిగా తీసుకోవడానికి ఇంకా టైమ్ పడుతుంది.

మా అభ్యంతరం వేరే. పనిచేసిన ప్రయోగం పత్రికకెక్కుతుంది, పనిచేయనిది బీరువాకెక్కుతుంది. అది తెలియని ఇంకో ల్యాబ్ అదే మందుతో, అదే కణితితో మళ్లీ ఎలుకలను బలిపెడుతుంది. మనుషులపై ట్రయల్ అయితే మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ అయిన సీటీఆర్‌ఐలో ముందే నమోదు చేయాలి, ఎవరైనా చూడొచ్చు. జంతు ప్రయోగాలకు అలాంటి బహిరంగ రిజిస్టర్ లేదు. జర్మనీ 2019లోనే మొదలుపెట్టింది.

మనకు ఇది కొత్తగా కట్టాల్సిన వ్యవస్థ కూడా కాదు. ఏ ఎలుకలు, ఎన్ని, ఎందుకని ప్రతి ల్యాబూ ఫారం-బి నింపి సంస్థలోని ఎథిక్స్ కమిటీకి ఇస్తోంది. ఆ కమిటీలో జంతు ప్రయోగాలపై కేంద్ర పర్యవేక్షణ సంఘం సీసీఎస్‌ఈఏ ప్రతినిధులూ ఉంటారు. సారాంశాన్ని ఆన్‌లైన్‌లో పెట్టి, ప్రయోగం ముగిశాక ఫలితం ఒక పేరా జోడించమంటే చాలు. ఫార్ములా బయటపడుతుందని కంపెనీలు అంటాయి. కొంతకాలం గోప్యంగా ఉంచే వెసులుబాటు జర్మనీ రిజిస్టర్‌లో ఉంది, ఇక్కడా ఇవ్వొచ్చు. జీనోమ్ వ్యాలీలో జాతీయ జంతు వనరుల కేంద్రాన్ని పెట్టుకున్న హైదరాబాద్ నుంచే దీన్ని మొదలుపెట్టాలని కేంద్రాన్ని కోరుతున్నాం. ప్రభుత్వ సొమ్ముతో నడిచే ల్యాబులకు ముందు తప్పనిసరి చేయండి. ప్రైవేటు వాటికి రెండేళ్ల గడువివ్వండి.