'లవ్ రోలర్‌కోస్టర్'లో వినిపించేది చావుకేక కాదు

పాత ఫంక్ పాటల (అమెరికా నల్లజాతి సంగీతంలో లయ ప్రధానమైన డాన్సు పాటల) ప్రస్తావన వచ్చిందంటే చాలు, ఈ కథను ఎవరో ఒకరు పంచుతూనే ఉంటారు. అమెరికాకు చెందిన ఒహాయో ప్లేయర్స్ బృందం 1975లో తెచ్చిన 'హనీ' ఆల్బమ్ అట్ట మీద తేనె పూసుకున్న మోడల్ ఉంటుంది. ఫొటో కోసం తేనెను మరగబెట్టి ఆమె మీద పోశారట. చర్మం ఊడివచ్చిందట. పరిహారం అడగడానికి ఆమె రికార్డింగ్ స్టూడియోకే వచ్చిందట. బృందం మేనేజరు ఆమెను కంట్రోల్ రూములో పొడిచి చంపాడట. ఆ చావుకేక కాస్తా 'లవ్ రోలర్‌కోస్టర్' పాటలో రికార్డయిపోయిందట. ఇన్ని 'అట'ల్లో ఒక్కటీ నిలవదు.

ముందు మనిషి సంగతి. ఆ మోడల్ ఎస్తర్ కోర్డెట్. పనామాలో పుట్టింది, 1974 అక్టోబర్ ప్లేబాయ్ సంచికతో అప్పటికే పేరున్న మనిషి. ఆమెను ఎవరూ చంపలేదు. ఆల్బమ్ వచ్చాక, పాట మోగాక, పుకారు ఊరూరా తిరిగాక కూడా ఆమె బతికే ఉంది. అసలు ఈ కథ చెప్పేవాళ్ళకే ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ పొంతన ఉండదు. చచ్చింది మోడల్ అని ఒకరంటే, స్టూడియో బయట ఎవరో అమ్మాయి అని ఇంకొకరు, రోలర్‌కోస్టర్ మీంచి పడిన మనిషి అని మరొకరు. కుందేలును కోస్తుంటే వచ్చిన అరుపు అన్నవాళ్ళూ ఉన్నారు!

ఇక తేనె. అది ధారగా జారాలంటే మరిగించక్కర్లేదు. సీసాను గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు ఉంచితే చాలు, 40 డిగ్రీలకల్లా పలచబడుతుంది. ఒంటికి అంటుకుని కాల్చేది ముదురు పాకం. 110 డిగ్రీలు దాటిన బెల్లప్పాకం చుక్క చేతిమీద పడితే ఏమవుతుందో అరిసెలు వండేవాళ్ళను అడగండి. తేనెను అంత వేడి చేస్తే నురగ పొంగి రంగు నల్లబడుతుంది, ఫొటోకు పనికిరాదు. మామూలు తేనె అయితే ఎంత పూసుకున్నా గోరువెచ్చటి నీళ్ళతో కడిగేసుకోవచ్చు. ఇదే అట్టకు 1976లో ఉత్తమ ఆల్బమ్ ప్యాకేజీగా గ్రామీ వచ్చింది, ఆర్ట్ డైరెక్టర్ జిమ్ లాడ్విగ్ అందుకున్నాడు. రెచ్చగొట్టే అట్టలు ఈ బృందానికి కొత్త కూడా కాదు. అంతకుముందు వెస్ట్‌బౌండ్ అనే రికార్డు కంపెనీలో ఉన్నప్పుడే 'పెయిన్' ఆల్బమ్ అట్ట మీద గుండు గీయించుకున్న మోడల్‌ను కొరడాతో నిలబెట్టారు. అలాంటి అట్టలు చూసిన జనం ఏ పుకారు పుట్టినా నమ్మడానికి సిద్ధంగానే ఉన్నారు.

"అబద్ధమైతే బృందం అప్పుడే ఎందుకు ఖండించలేదు?" అనేది తరవాతి ప్రశ్న. దీనికి డ్రమ్మర్ జిమ్మీ 'డైమండ్' విలియమ్స్ ఒక ఇంటర్వ్యూలో దాపరికం లేకుండా జవాబు చెప్పాడు. ఒక రేడియో వ్యాఖ్యాత విసిరిన మాట దేశమంతా పాకింది, నోరు మూసుకుంటే రికార్డులు ఎక్కువ అమ్ముడుపోతాయి కాబట్టి తాము మూసుకున్నాం అని. వ్యాపారపు మౌనం అన్నమాట. మెచ్చుకోదగ్గది కాకపోవచ్చు గానీ నేరాంగీకారం మాత్రం కాదు.

ఈ పుకారు లేకపోతే బృందానికి పేరే లేదన్న మాట ఇంకా అన్యాయం. 1959లో ఒహాయో రాష్ట్రపు డేటన్ నగరంలో 'ఒహాయో అన్‌టచబుల్స్'గా మొదలైన బృందమిది. 1973లో 'ఫంకీ వార్మ్' పాట ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) పాటల పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది. అందులో జూనీ మారిసన్ వాయించిన సన్నటి సింథసైజర్ కూతను తరవాతి కాలపు ర్యాపర్లు ఎంతగా వాడుకున్నారో లెక్కలేదు. 1975 ఫిబ్రవరిలో 'ఫైర్' పాట అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో మొదటి స్థానం తెచ్చుకుంది. 'లవ్ రోలర్‌కోస్టర్' ఆ స్థానానికి చేరింది 1976 జనవరి 31న. అంటే పుకారు పుట్టేనాటికే వాళ్ళు ఒకసారి శిఖరం ఎక్కి దిగినవాళ్ళు.

అసలు విషయం స్టూడియోలో ఉంది. హత్య కంట్రోల్ రూములో జరిగిందంటున్నారు కదా, మైకులు ఉండేది అక్కడ కాదు. వాయించేవాళ్ళు ఒక గదిలో, ఇంజినీరు మరో గదిలో. మధ్యలో రెండు పొరల అద్దం, మూసిన తలుపులు. కంట్రోల్ రూములో ఎవరు అరిచినా టేపుకు ఎక్కే దారి లేదు. పోనీ, తలుపు తెరిచే ఉందనుకుందాం. బయటి అరుపు మొదట పడేది డ్రమ్ముల మీద వేలాడదీసిన మైకుల్లో. అప్పుడది దూరంగా, గది మోతతో, పై స్థాయి ధ్వనులు అణిగిపోయి వినిపించాలి. పాటలో కేక అలా ఉండదు. మైకు దగ్గర నోరు పెట్టి చేసినట్టు స్పష్టంగా, వాయిద్యం ఇచ్చిన ఖాళీలో కుదురుగా కూర్చుంటుంది. అదీగాక అప్పటి పద్ధతిలో ఒక్కో వాయిద్యానికి, గొంతుకు టేపు మీద విడివిడి ట్రాకులు. అక్కర్లేని చప్పుడు ఏదైనా దొర్లితే ఆ ట్రాకులో ఆ ముక్క చెరిపేయడం ఇంజినీరుకు రోజువారీ పని.

ఆ కేక కీబోర్డు వాయించే బిల్లీ బెక్‌ది. గాలి బయటికి వదులుతూ కాకుండా, గొంతు బిగించి లోపలికి పీలుస్తూ తీసిన కీచు గొంతు. చాలా పై స్వరాలకు పేరుపడ్డ గాయని మినీ రిపర్టన్ ఆ స్వరాలు అందుకునే తీరుతో దాన్ని పోల్చింది విలియమ్సే. అలా పీల్చినప్పుడు గొంతు సన్నగా, ఎవరిదో తెలియనట్టుగా మారుతుంది. మగవాడి గొంతని పోల్చుకోలేకపోవడానికి కారణం ఇదే.

ఇంకొకటి ఉంది. ఆల్బమ్‌లో కేక 2 నిమిషాల 32 సెకన్ల దగ్గర మొదలవుతుంది, సింగిల్‌లో (విడిగా విడుదల చేసిన పాటలో) 1 నిమిషం 24 సెకన్ల దగ్గరే. అంటే రేడియో కోసం పాటను కుదించేటప్పుడు దానికి ముందు 68 సెకన్ల పాటను తీసేశారు. కేకను మాత్రం ఉంచారు. పొరపాటున పడిన చప్పుడైతే ముందు తీసేసేది దాన్నే కదా.