బజర్ మోగింది, టేబుల్ పోయింది

మాల్‌లోకి ఒక్క ఛార్జర్ కోసం వెళ్ళి ఆ ఒక్క ఛార్జర్‌తోనే బయటికొచ్చిన మనిషిని నేనింతవరకు చూళ్ళేదు. ఆ కట్టడమే అలాంటిది మరి, ఒక ఎస్కలేటర్ దిగగానే పక్కనే ఇంకోటి ఉండొచ్చుగా, ఉండదు, ఫ్లోరంతా ప్రదక్షిణం చేసి బట్టలూ బూట్లూ సెంటు సీసాలూ అన్నీ దర్శించుకుంటే గానీ పైకెళ్ళే దారి దొరకదు. గోడకి గడియారం ఉండదు, కిటికీ ఉండదు, బయట పొద్దు గూకిందో వానొచ్చిందో దేవుడికెరుక. 1956లో అమెరికాలో ఇలా పూర్తిగా కప్పేసి ఏసీ పెట్టిన మాల్‌కి డిజైన్ చేసింది విక్టర్ గ్రూయెన్ అనే ఆర్కిటెక్ట్. వచ్చిన పని మర్చిపోయి వెర్రిచూపులు చూస్తూ తిరగడాన్ని ఇప్పటికీ గ్రూయెన్ ట్రాన్స్‌ఫర్ అనే అంటారు. పాపం పెద్దయ్యాక ఆయనే ఈ మాల్స్‌తో నాకు సంబంధం లేదు పొమ్మన్నాడు.

ఫుడ్ కోర్ట్ ఏమో అన్నిటికన్నా పైన. ఆకలేస్తే మనమే ఎక్కుతాం, దిగేటప్పుడు షాపులన్నీ మళ్ళీ తగుల్తాయి, అదీ ప్లాను.

మా బావ "నువ్వు ఆర్డర్ సంగతి చూడు, టేబుల్ సంగతి నాకొదిలెయ్" అని నాలుగు కుర్చీల మీద కర్చీఫు, కళ్ళజోడు, కవరు, తను పరుచుకుని కూర్చున్నాడు. కౌంటర్లో డబ్బు కడితే ప్లేటుకి బదులు ఒక నల్ల బిళ్ళ ఇచ్చారు, రెడీ అయ్యాక అదే మోగుతుందట. అది బావ చేతిలో పెట్టి చేతులు కడుక్కోడానికి వెళ్ళానండీ, అంతే. అది ఒక్కసారిగా గజగజ వణికి ఎర్రలైట్లు కొట్టేసరికి మా బావ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని "హలో... హలో... ఎవరండీ" అంటున్నాడు, పక్క టేబుల్ పిల్లలు పొట్ట పట్టుకున్నారు. పైగా "ఇక్కడ సిగ్నల్ లేదు" అని లేచి రెయిలింగ్ దాకా నడిచాడు.

నేను రెండు ట్రేలు మోసుకొచ్చేసరికి మా టేబుల్ చుట్టూ ఒక నిండు కుటుంబం, మధ్యలో బావ కర్చీఫు మీద సాస్ సీసా.

ఇంక చేసేదేముంది, ట్రేలతో తిరిగి తిరిగి, ఐస్‌క్రీం దాకా వచ్చిన ఒక జంట వెనకాల నిలబడి వాళ్ళ కప్పులోకే చూశాం. చూసేకొద్దీ వాళ్ళు స్పూను ఇంకా నెమ్మదిగా ముంచారు. మొత్తానికి లేచారు, కూర్చున్నాం, చల్లారిపోయింది తింటుంటే మా వెనక ఇంకెవరో ట్రేలతో వచ్చి నిలబడ్డారు.

"బావా, నిదానంగా నమలరా" అన్నాడు మా బావ.