గొర్రెబొచ్చు పరిచేవారికి కొన్ని సాంకేతిక సలహాలు

దేవుని చిత్తం తెలియక విశ్వాసులు నలిగిపోతున్నారని అంటుంటారు. తప్పు. తెలిసిపోవడం వల్లే నలిగిపోతున్నారు. అన్నతో మాట కలపాలని తెలుసు, అప్పు తీర్చాలని తెలుసు, నాలుక అదుపులో పెట్టుకోవాలని మరీ బాగా తెలుసు. తెలిసినదాన్ని భక్తిగా వాయిదా వెయ్యడానికి వాక్యాధారం ఉందా అని వెతికేవారికి బైబిల్లోని న్యాయాధిపతులు 6వ అధ్యాయంలో గిద్యోను గొర్రెబొచ్చు సిద్ధంగా ఉంది. దేవుడు తన ద్వారా ఇశ్రాయేలీయుల్ని రక్షిస్తాడో లేదో తేల్చుకోవడానికి అతను రాత్రి కళ్లంలో గొర్రెబొచ్చు పరిచి, మంచు దానిమీద మాత్రమే పడాలని గుర్తు అడిగాడు.

అయితే దీన్ని వాడేటప్పుడు పై వచనాల జోలికి పోకూడదు. 14వ వచనంలోనే దేవుడు ఇశ్రాయేలీయుల్ని రక్షించే పని అప్పగించేశాడు. 21లో బండలోంచి అగ్ని లేచి మాంసాన్నీ పొంగని రొట్టెల్నీ కాల్చేసింది. ఇంటివాళ్లకి భయపడి రాత్రిపూటే అయినా, గిద్యోను పదిమందిని వెంటేసుకెళ్లి బయలు అనే అన్యదేవత బలిపీఠం పడగొట్టాడు కూడా. బొచ్చు పరిచింది ఇవన్నీ అయ్యాక. ఆ ప్రార్థనలో సైతం “నీవు సెలవిచ్చినట్లు” అనే ఒప్పుకోలు ఉంది. అక్కడికొచ్చేసరికి కాస్త గబగబా చదవాలి.

ఇక ప్రయోగం. మొదటి రాత్రి బొచ్చు తడిసింది, నేల ఆరింది. పిండితే పాత్ర నిండింది. కానీ ఉన్ని తేమ పీల్చుకుంటుంది, గట్టి కళ్లం నేల త్వరగా ఆరుతుంది. గిద్యోనుకీ ఆ అనుమానం వచ్చినట్టుంది, రెండో రాత్రి షరతు తిరగేశాడు: బొచ్చు ఆరాలి, నేల తడవాలి. పరిశోధకుడి లక్షణం అది. మన సాధకులు ఈ పద్ధతిని మెరుగుపరిచారు. మొదటి రాత్రే అనుకూల ఫలితం వస్తే రెండో రాత్రి రద్దు. రాకపోతే మూడోది, నాలుగోది. గిద్యోను రెండింటితో ఆపేసి తెల్లారి లేచి బయల్దేరాడు. పాపం, అనుభవం చాలదు.

సూచన ఎంపికలో అబ్రాహాము సేవకుణ్ణి మాత్రం ఆదర్శంగా తీసుకోవద్దు. ఆదికాండము 24లో యజమాని కొడుక్కి పెళ్లికూతుర్ని వెతుకుతూ అతను అడిగిన గుర్తు చూడండి: నీళ్లడిగితే ఒంటెలకి కూడా తోడిపోస్తానన్న అమ్మాయి. ఉన్నవి పది ఒంటెలు. బాగా దాహంతో ఉన్న ఒంటె ఒక్క విడతలో వంద లీటర్ల దాకా తాగగలదు. అంటే ఆ గుర్తు నెరవేరాలంటే ఎదుటి మనిషికి దయా ఉండాలి, రెక్కల కష్టమూ ఉండాలి. ఇలాంటి గుర్తు వల్ల మనిషి గుణం బయటపడుతుంది, అది మనకి అనవసరం. మనకి కావలసింది “సాయంత్రంలోగా అన్నే ముందు ఫోన్ చేస్తే నేను క్షమించాలన్నమాట” వంటిది. పదేళ్లుగా ఫోన్ చెయ్యని అన్న ఈ సాయంత్రమూ చెయ్యడు. చిత్తం స్పష్టమైపోతుంది.

బొచ్చు దొరకనివారికి ప్రత్యామ్నాయం ఉంది: “ద్వారం తెరుచుకుంది, మనసులో సమాధానం ఉంది.” సమాధానం అంటే ఇక్కడ జవాబు కాదు, ప్రశాంతత. దీన్ని అత్యంత విజయవంతంగా వాడినవాడు యోనా. దేవుడు నీనెవెకి వెళ్లమంటే, తప్పించుకోవడానికి యొప్పే రేవుకి దిగాడు. తర్షీషు ఓడ సిద్ధంగా దొరికింది. చేతిలో కేవుకి, అంటే ఓడ ఛార్జీకి, డబ్బుంది. పైగా ఎంత సమాధానమంటే, ఓడ బద్దలయ్యే తుపానులో అడుగు అంతస్తులో గాఢంగా నిద్రపోయాడు. సాక్ష్యం చెప్పుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? గెత్సేమనే తోటలో దేవుని చిత్తానికి లోబడ్డ యేసుకి మాత్రం సమాధానం కాదు, చెమట రక్త బిందువుల్లా కారింది. ఈ రెండు అధ్యాయాల్నీ ఒకే రోజు చదవడం మంచిది కాదు.

ఒక హెచ్చరిక చెప్పకపోతే అన్యాయం. గిద్యోను రెండుసార్లు పరీక్షించాక వంతు దేవుడిది. 7వ అధ్యాయంలో 32,000 మంది సైన్యం. భయపడేవాళ్లు వెళ్లొచ్చనగానే 22,000 మంది ఇంటిదారి పట్టారు. నీళ్ల దగ్గర ఇంకో 9,700 మంది తగ్గారు. మిగిలింది 300. కాబట్టి బొచ్చు పరిచేముందు, ఉన్నవాటిలో ఏవి పోయినా పర్వాలేదో చూసుకోవాలి.

ఇంత విద్యకీ లొంగనిది ఒక్కటే, మత్తయి 5:23, 24. సహోదరుడికి నీమీద ఏమైనా విరోధం ఉందని బలిపీఠం దగ్గర గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలేసి ముందు వెళ్లి సమాధానపడమంది. మంచు పడేదాకా ఆగే వెసులుబాటు అందులో లేదు. అసలు అర్పణే తీసుకెళ్లకపోతే ఈ చిక్కు రాదని కొందరు సాధకులు ఇప్పటికే కనిపెట్టారు.