పుణ్యం కాలువల్లో పారిన కాలం

ఆధ్యాత్మికతకూ లౌకిక జీవితానికీ మధ్య సమతూకం పాటించాలని టీవీ ప్రవచనాల నుంచి ఆఫీసుల్లో పెట్టే ధ్యాన శిబిరాల దాకా అందరూ చెబుతున్నారు. నా అభ్యంతరం ఆ 'సమతూకం' అన్న మాటతోనే. తక్కెడ అనగానే రెండు పళ్లాలు వచ్చి పడతాయి: ఒకదానిలో సంపాదన, మరొకదానిలో దేవుడు. వారమంతా ఒకటి, శనివారం పొద్దున మరొకటి. ధర్మార్థకామమోక్షాలను ఒకే ఊపిరిలో పలికిన మన పెద్దలు వాటిని ఇలా విడదీసి తూచలేదు. అందుకు రాతి మీద చెక్కిన సాక్ష్యమే ఉంది.

కడప సీమలోని పోరుమామిళ్ల చెరువును 1369లో విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించాడు. అక్కడి భైరవాలయం దగ్గరున్న శాసనం దేవతలను స్తుతించి, జలదాన మహిమను చెప్పి, నేరుగా పనిలోకి దిగుతుంది. రెండేళ్లు, రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు మోయడానికి వంద బండ్లు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను వరుసగా చెబుతుంది. మొదటిది ధర్మబుద్ధి గల రాజు, రెండోది జలశాస్త్రం తెలిసిన పండితుడు. ఆ తర్వాత గట్టి నేల, తీపి నీటి నది, రాతి గని, పని తెలిసిన మనుషులు. ఆరు దోషాలూ చెప్పింది: కట్ట కారడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, నీటికి మించిన ఆయకట్టు... ఆ శాసనం గుర్తొచ్చినప్పుడల్లా నన్ను నిలబెట్టేది ఈ వరుసే. పుణ్యం గురించి రాసిన చెయ్యే కట్ట లీకేజీ గురించీ రాసింది. చెరువును సప్తసంతానాల్లో, అంటే మనిషి పేరు నిలిపే ఏడు సంతానాల్లో, చేర్చి కొడుకు పక్కన కూర్చోబెట్టిన సంస్కృతికి అందులో వింతేమీ కనబడలేదు.

తిరుమల కథ ఇంకా గొప్పది. 15, 16 శతాబ్దాల శాసనాలు చూడండి. భక్తుడు స్వామి నైవేద్యం కోసం కొన్ని పణాలు (ఆనాటి నాణేలు) శ్రీభండారానికి, అంటే ఆలయ ఖజానాకు, చెల్లిస్తాడు. ఆ సొమ్మును దేవస్థానం తన గ్రామాల్లో చెరువులు, కాలువల మీద పెడుతుంది. నీరు పెరిగి, అదనంగా పండిన పంటతో దాత పేరిట నైవేద్యం జరుగుతుంది. ప్రసాదంలో నాలుగో వంతు దాతకు వస్తుంది. దేవుడికిచ్చిన నాణెం పొలం మీదుగా వెళ్లి, అన్నమై గర్భగుడికి చేరి, ప్రసాదమై మనిషి చేతికి తిరిగొచ్చేది. ఇందులో ఆధ్యాత్మికం ఎక్కడ ముగిసింది, ఆర్థికం ఎక్కడ మొదలైంది? గీత గీసి చూపించగలవారు ఎవరైనా ఉన్నారా?

ఇప్పుడు ఆ నాణెం ఎక్కడికి వెళుతోంది? తిరుమల తిరుపతి దేవస్థానం 2022లో ప్రకటించిన లెక్క ప్రకారమే బ్యాంకుల్లో 10 టన్నులకు పైగా బంగారం, 15 వేల కోట్ల రూపాయలకు పైగా నగదు ఉన్నాయి. దేవస్థానం విద్యాసంస్థలు, ఆసుపత్రులు నడుపుతోంది, 1985 నుంచి నిత్యాన్నదానం చేస్తోంది. ఆ పుణ్యాన్ని నేను తక్కువ చేయను. కానీ కొండ దిగి రాయలసీమలోకి వెళితే ఎన్ని చెరువులు పూడిపోయి, కట్టల నిండా కంపచెట్లు మొలిచి, తూములు పాడుబడి కనిపిస్తాయో అక్కడి రైతులను అడగండి. స్వామి సొమ్ముకు వడ్డీ వస్తోంది. స్వామి సీమకు నీళ్లు రావడం లేదు.

దేవుడి సొమ్ము దేవుడికే ఖర్చు కావాలని, చెరువుల బాగు ప్రభుత్వం పని అని, ఒకసారి తలుపు తీస్తే రాజకీయ నాయకులు హుండీలోనే చెయ్యి పెడతారని అంటారు. చివరి భయం నిజమైనదే. పైగా ఆనాటి దేవాలయ గ్రామాలూ ఇప్పుడు లేవు. అయినా నైవేద్యానికి కాలువ తవ్వడం దేవుడి ఖర్చేనని ఆ శాసనాలే చెబుతున్నప్పుడు, మనం ఆనాటి భక్తుల కంటే నిష్ఠాపరులమని ఎలా చెప్పుకోగలం?

ఆ భయానికి మందు కూడా ఆ శాసనాలున్న గుడి గోడల మీదే ఉంది. ఎవరిచ్చారు, ఎంత ఇచ్చారు, దేనికిచ్చారు అన్నది రాతిలో చెక్కి అందరి కళ్లముందు నిలబెట్టారు. వడ్డీలో ఒక చిన్న భాగాన్ని సీమ చెరువులకు కేటాయించండి. అన్నదానానికి కావలసిన బియ్యం, పప్పులు ఆ ఆయకట్టు రైతుల దగ్గరే కొనండి. ఏ చెరువుకు ఎంత వెళ్లిందో, ఎన్ని ఎకరాలు తడిశాయో ఏటా గుడి గోడ మీద రాయించండి. క్యూలైనులో గంటల తరబడి నిలబడే భక్తుడు చదువుకుంటాడు.