టైమ్ స్లిప్ చూసి స్పాన్సర్ రాడు

బెంగళూరులోని మన తెలుగు బైక్ కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "డ్రాగ్ రేసింగ్‌లో సిఫార్సులు నడవవు. గడియారానికి బంధుప్రీతి లేదు. టైమ్ కొట్టు, స్పాన్సర్ వాడే వెతుక్కుంటూ వస్తాడు. అమ్మాయిలకైతే ఫోటో చూసి సీటిస్తారు, వాళ్ల సంగతి వేరు. అవకాశం రాలేదంటే నీలో దమ్ము లేనట్టే." డ్రాగ్ రేసింగ్ అంటే తిన్నని ట్రాక్ మీద ఇద్దరు పక్కపక్కన నిలబడి, కొద్ది దూరం ఎవరు ముందు చేరతారో తేల్చుకునే పోటీ. హిందూపురం నుంచి, మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకుంటూ, ఈ మాటలు నమ్మి పర్సనల్ లోన్ మీద ఇంజిన్ కట్టించుకుంటున్న పిల్లలు నాకు తెలుసు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

"గడియారానికి బంధుప్రీతి లేదు." స్టార్టింగ్ గీత దగ్గర నిలబడ్డాక ఇది నిజమే. పచ్చ లైటు పడ్డాక కదలడానికి పట్టేది రియాక్షన్ టైమ్. చక్రం గీత దగ్గరుండే కాంతి కిరణాన్ని దాటిన క్షణం నుంచి ఫినిష్ దాకా పట్టేది ఈటీ (ఎలాప్స్‌డ్ టైమ్). రెండూ కలిపి ఎవరిది తక్కువైతే వాళ్లే ముందు చేరతారు. లైటు పడకముందే కదిలితే ఫౌల్. ఇందులో ఎవరి పలుకుబడీ పనిచేయదు. కానీ ఆ గీత దాకా ఎవరు రాగలరు, ఎన్నిసార్లు రాగలరు అన్నది గడియారం చేతిలో లేదు.

లాంచ్, అంటే గీత దగ్గర నుంచి బండి ఎగదూకే తొలి క్షణం, దాని సంగతే చూడండి. పోటీలో సగం అక్కడే తేలిపోతుంది. క్లచ్ ఎంత వదలాలి, ఎన్ని ఆర్‌పీఎంలో వదలాలి, వెనక టైరులో గాలి ఎంత తగ్గించాలి, బర్నవుట్ (నిలబడ్డచోటే వెనక టైరు తిప్పి వేడెక్కించడం) ఎంతసేపు చేస్తే రబ్బరు పట్టు దొరుకుతుంది, ముందు చక్రం లేవకుండా ఒంటిని ఎక్కడ ఉంచాలి. ఇవన్నీ పరుగు మీద పరుగు తీస్తేనే వచ్చేవి. ప్రతి పరుగుకూ టైరు అరుగుతుంది, క్లచ్ ప్లేట్లు మాడతాయి. డబ్బున్నవాడు ప్లేట్లు మార్చి మళ్లీ గీత దగ్గరికి వస్తాడు. లేనివాడు ఉన్న సెట్టు రేసు రోజుకి మిగలాలని ప్రాక్టీసే ఆపేస్తాడు. రోడ్డు మీద ప్రాక్టీస్ చేద్దామంటే అది నేరం. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద తొలిసారికే 3 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి అటుంచినా, ఎదురుగా వచ్చే మనిషి ప్రాణం అది. కాబట్టి దారి ఒక్కటే. బండిని టాటా ఏస్‌లో ఎక్కించి, దాదాపు 300 కిలోమీటర్లు దాటి, చెన్నైకి ఇవతల ఇరుంగాట్టుకోట్టైలోని ట్రాక్‌కి పోవాలి. బండి బాడుగ, మెకానిక్ కూలి, పెట్రోలు, ఎంట్రీ ఫీజు, పోగొట్టుకున్న రెండు రోజుల జీతం. మంచి టైమ్ అనేది ఈ ఖర్చంతా అయ్యాక చేతికొచ్చే కాగితం, దాన్నే టైమ్ స్లిప్ అంటారు. దాన్ని చూపించి డబ్బు తెచ్చుకోమంటే, ఆ కాగితం రావడానికి ముందు డబ్బు ఎవరివ్వాలి?

"టైమ్ కొట్టు, స్పాన్సర్ వాడే వస్తాడు." ఈ ఆట పుట్టి పెరిగిన అమెరికాలోనే ఇది నిజం కాదు. టోనీ షూమాకర్ అక్కడి టాప్ ఫ్యూయల్‌లో, అంటే అన్నింటికన్నా వేగమైన డ్రాగ్ కార్ల తరగతిలో, 8 సార్లు ఛాంపియన్. ఇన్ని టైటిళ్లు ఆ తరగతిలో ఇంకెవరికీ లేవు. చాలా ఏళ్లు ఆయన కారు మీద అమెరికా సైన్యం పేరు ఉండేది. 2018తో సైన్యం ఆ ఒప్పందం ముగించుకుంది. 2019 సీజన్‌లో షూమాకర్‌కి కారు లేదు. ఆయన నెమ్మదించలేదు, నైపుణ్యం ఎక్కడికీ పోలేదు, పోయింది డబ్బొక్కటే. ఎనిమిది టైటిళ్లు ఉన్న మనిషినే ఇంట్లో కూర్చోబెట్టిన లెక్క మన కుర్రాడి టైమ్ స్లిప్ చూసి కరుగుతుందా?

ఇది కొత్తగా వచ్చిన జబ్బు కూడా కాదు. 1970లో మాటెల్ బొమ్మల కంపెనీ తన హాట్ వీల్స్ కోసం ఇద్దరు రేసర్లకు డబ్బు పెట్టింది. ఒకరు 'స్నేక్' డాన్ ప్రుధోమ్, ఇంకొకరు 'మంగూస్' టామ్ మెకీవెన్. కంపెనీకి కావాల్సింది పాము, ముంగిసల పోరు. పిల్లలు రెండు కార్లూ కొంటారు. ప్రుధోమ్ తన జీవితంలో 49 జాతీయ రేసులు గెలిచాడు, మెకీవెన్ 5 గెలిచాడు. మెకీవెన్ తక్కువవాడేం కాదు, 1978 యూఎస్ నేషనల్స్ ఫైనల్లో ప్రుధోమ్‌నే ఓడించాడు. కానీ ఆ డబ్బు రేసుల లెక్క చూసి రాలేదు. తనను జనానికి ఎలా చూపించుకోవాలో మెకీవెన్‌కి బాగా తెలుసు, ఆ తెలివికి విలువ కట్టారు.

మన దగ్గరా అంతే. నాకు తెలిసిన ఒక తమ్ముడు కప్పులు, సర్టిఫికెట్లు ఫైల్లో పెట్టుకుని ఒక ఆయిల్ డీలర్ ఆఫీసుకి వెళ్లాడు. ఆయన ఫైలు తెరవనే లేదు. "ఇన్‌స్టాలో ఎంతమంది ఉన్నారు? డీలర్స్ మీట్‌లో కన్నడలో నాలుగు మాటలు మాట్లాడగలవా? ట్యాంకు పక్కన స్టిక్కర్ ఎంత సైజు పడుతుంది?" అని అడిగాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. ఆయన పెట్టే డబ్బు ఆయిల్ అమ్ముకోవడానికి. నా కోపం ఆయన మీద కాదు, ఆ ఎంపికకి ప్రతిభ అని పేరు పెట్టి ప్రచారం చేసేవాళ్ల మీద.

"అమ్మాయిలకైతే ఫోటో చూసి సీటిస్తారు." ఇది అన్నింటికన్నా అన్యాయమైన మాట. షర్లీ మల్డౌనీ 1977, 1980, 1982లలో టాప్ ఫ్యూయల్ ఛాంపియన్. అంతటి ఆమెకూ స్పాన్సర్ల కొరత తప్పలేదు. అదే తరగతిలో నడిపే లియా ప్రుయెట్ 2016లో ఫీనిక్స్‌ రేసు గెలిచింది. ఆ సీజన్ మధ్యలోనే ఆమె జట్టు మూతపడి, వేరే జట్ల తలుపులు తట్టాల్సి వచ్చింది. ఫోటోతోనే పనైపోతే ఈ తిప్పలు దేనికి? మన బెంగళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే 2019లో ఎఫ్ఐఎం (అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య) బాజా ప్రపంచ కప్ మహిళల విభాగం గెలిచింది. అది డ్రాగ్ కాదు, ఇసుకలో రాళ్లలో నడిపే ర్యాలీ. ఆమె వెనక ఒక ఫ్యాక్టరీ జట్టు, అంటే బైక్ కంపెనీ సొంత జట్టు ఉంది, నిజమే. ఆ బండిని అక్కడ గెలిపించి తెచ్చింది మాత్రం ఆమే. ఇంటిపేరు కలిసొచ్చిన వాళ్లు లేరా అంటే, ఉన్నారు. అమెరికా డ్రాగ్ రేసర్ బ్రిటనీ ఫోర్స్ తండ్రి జట్టులోనే నడిపింది. కానీ తండ్రి జట్టు అనే వెసులుబాటు కొడుకులకీ ఉంటుంది, వాళ్లను మాత్రం ఎవరూ ఫోటో గురించి అడగరు.

"అవకాశం రాలేదంటే దమ్ము లేనట్టే." పైవన్నీ చదివాక దీనికి వేరే జవాబు అక్కర్లేదు. అయితే ఒక దారి ఉంది. సర్క్యూట్ రేసింగ్‌లో టీవీఎస్ లాంటి కంపెనీలు వన్ మేక్ ఛాంపియన్‌షిప్ నడుపుతాయి. అందరికీ ఒకే రకం బండి కంపెనీయే ఇస్తుంది, సెలక్షన్‌లో టైమ్ చూసి తీసుకుంటారు. డ్రాగ్‌లోనూ అలాంటి తరగతి ఒకటి పెట్టమని క్లబ్బులను, కంపెనీలను అడగాలి. ఆ మెసేజ్ పంపిన ఓపికలో సగం దీనికి పెట్టినా చాలు.

అప్పటిదాకా, లోన్ కాగితం మీద సంతకం పెట్టబోతున్న తమ్ముళ్లకు ఒక మాట. స్పాన్సర్ ఇస్తానన్నది నోటిమాటా, రాతా? ఇంజిన్ పోతే ఖర్చు ఎవరిది? సీజన్ మధ్యలో వాళ్లు తప్పుకుంటే బండి ఎవరి దగ్గర ఉంటుంది? ఈ మూడింటికీ కాగితం మీద జవాబు లేకపోతే, ఈఎంఐ కట్టేది మీరొక్కరే అనుకుని లెక్క వేసుకోండి.