వరుస నంబరు ప్రకారం ఒక నవల

మా పుస్తక గోష్ఠిలో తొమ్మిది మందిమి ఉన్నాము. నెలకొక నవల చదివి, ఆఖరి ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు విజయవాడ సత్యనారాయణపురంలో ఎవరో ఒక సభ్యుని ఇంట్లో చేరి, తలకు ఏడు నిమిషాల చొప్పున అభిప్రాయాలు చెప్పుకొని, ఆ తరువాత ఇంటివారు పెట్టిన ఫలహారం తిని లేవడం మా నియమం. ఫలహారానికి సంబంధించిన భాగాన్ని ఇంతవరకు ఎవరూ ఉల్లంఘించలేదు. ఏడు నిమిషాల భాగాన్ని మాత్రం రిటైరైన తెలుగు లెక్చరరుగారు ప్రతి నెలా ఉల్లంఘిస్తారు. ఆయన "ఒక్క మాట చెప్పి ముగిస్తాను" అన్న పావుగంటకు గాని పకోడీల బాండీ పొయ్యి మీద పెట్టకూడదని ఆతిథ్యమిచ్చే ఇళ్ళవాళ్ళందరూ అనుభవం మీద తెలుసుకున్నారు.

నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై నాలుగేళ్ళు లెక్కల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. సాహిత్యంలో నాకున్న ప్రవేశం అంతంతమాత్రమే గాని, వోచర్లను వరుస నంబరు ప్రకారం పేర్చడంలో ఆడిటుకు వచ్చినవారు కూడా నన్ను ఏనాడూ వేలెత్తి చూపలేదు. ఈ సంగతి గొప్ప కోసం చెప్పడం లేదు. జరిగిన అనర్థానికంతటికీ మూలం ఆ నైపుణ్యమే.

అనర్థానికి విత్తనం మాత్రం అంతకు ముందు నెలలోనే పడింది. ఆ నెల మేము అంపశయ్య చదివాము. 1969లో వచ్చిన ఆ నవల రాసిన నవీన్‌గారికి దాని పేరే ఇంటిపేరై కూర్చున్నదని, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకునే రవి అనే కుర్రవాడి జీవితంలో ఒకే ఒక్క రోజు, పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా, అతని బుర్రలో తిరిగిన ఆలోచనలే నవల అంతా అని, ఈ పద్ధతిని చైతన్య స్రవంతి అంటారని, ఆలోచన అనేది ముందూ వెనకా చూసుకొని రాదు కాబట్టి ఇటువంటి రచనలో పాఠకుడు కూడా ముందూ వెనకా వెతుక్కోరాదని లెక్చరరుగారు ముప్పై అయిదు నిమిషాలలో వివరించారు. ఆ మాట మమ్మల్ని దురదగుంటాకులా పట్టుకున్నది. మనుమడు లెక్కల పరీక్షలో రెండో ప్రశ్నకు ఆరో ప్రశ్న జవాబు రాసి వస్తే, బ్యాంకు మేనేజరుగారు అది చైతన్య స్రవంతి అని వెనకేసుకొచ్చి కోడలి చేత మాట పడ్డారు.

తరువాతి నెల నవలను ఎంపిక చేసే వంతు పిన్నిగారిది. డెబ్బై ఎనిమిదేళ్ళ ఆవిడ మా అందరికీ పిన్నిగారే. ఆవిడ తన ముప్పయ్యవ ఏట ఒక వారపత్రికలో సీరియల్‌గా చదివిన కుటుంబ నవలను సూచించారు. ఆ నవల పేరూ, రచయిత్రి పేరూ ఇక్కడ చెప్పను. మేము దానికి చేసిన మర్యాద చాలు. అది పుస్తకంగా ఎక్కడా దొరకలేదు. ఏలూరు రోడ్డులోని దుకాణాలన్నీ అడిగి, లెనిన్ సెంటరులో పాత పుస్తకాల గుట్టల ముందు రెండు సాయంత్రాలు గొంతుక్కూర్చొని వెతికినా నాకు మోకాళ్ళ నొప్పి తప్ప ఏమీ లభించలేదు. చివరకు పిన్నిగారే తన ట్రంకుపెట్టెలోంచి సొంత ప్రతి తీసి ఇచ్చారు.

ఆ ప్రతి తయారైన విధానం ఇప్పటి పిల్లలకు తెలియదు. పత్రిక రాగానే ఇంటిల్లిపాదీ చదవడం పూర్తయ్యాక, పిన్నులు ఊడదీసి, సీరియల్ కాగితాలను వేరు చేసి, ఏ వారం కాగితాలకు ఆ వారం సూదీదారంతో కుట్టువేసి దాచేవారు. నవల ముగిశాక ఆ ఇరవై ఆరు కట్టలనూ కలిపి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా జిగురుతో బైండు చేయించారు. ఆ రోజుల్లో బాపుగారి బొమ్మ కనబడితే కత్తిరించి దాచుకోని ఇల్లు లేదు గనుక, పిన్నిగారు అన్ని బొమ్మలనూ బాపుగారి బొమ్మలే అనుకొని ప్రతి వారం మొదటి పేజీలో ఉండే బొమ్మను, దానితో పాటు సీరియల్ పేరునూ వారం సంఖ్యనూ కూడా కత్తిరించి వేరే పుస్తకంలో అతికించుకున్నారు. 'జరిగిన కథ' అనే పెట్టెను కూడా తీసేశారు. "జరిగింది నాకు తెలుసు కదా నాయనా, మళ్ళీ ఎందుకు?" అన్నారు. అది నిజమే. కాకపోతే ఆవిడకు ఒక్కరికే తెలుసు.

తొమ్మిది ప్రతులు తీయించే బాధ్యత నేను తీసుకున్నాను. జిరాక్సు దుకాణంలో కుర్రవాడు, బైండు బిగుసుకొని ఉండడం వల్ల పుస్తకం అద్దం మీద చదునుగా పరుచుకోవడం లేదన్నాడు. యాభై ఏళ్ళ నాటి దారం ఎలాగూ చివికిపోయింది, పని కాగానే మంచి కాలికో అట్టతో కొత్తగా బైండు చేయించి పిన్నిగారికి బహుమానంగా ఇద్దామని సంకల్పించి, నేనే బ్లేడుతో కుట్టు కోశాను. ఆ దుకాణంలో ఫ్యానుకు రెగ్యులేటరు పనిచేయదు. తిరిగితే అయిదులో తిరుగుతుంది, లేకపోతే తిరగదు. నేను కుట్టు కోసేటప్పుడు కరెంటు లేదు. కోసి, అట్ట తీసి, కట్టలను బల్ల మీద పెట్టి, చెమట తుడుచుకునేలోగా వచ్చింది.

ఇరవై ఆరు కట్టలనూ ఒక్కటి కూడా పోకుండా ఏరుకొని వచ్చాను. ఒక కట్ట పక్కనున్న ఇడ్లీ బండి కింద దొరికింది. ఇక వరుసలో పెట్టడమే తరువాయి. ప్రతి కట్ట మీదా పేజీ సంఖ్య ముద్రించి ఉండడం చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. నా జీవితానికి తగిన పని దొరికిందనుకున్నాను. మొదటి పేజీ 9 ఉన్న కట్టను అన్నిటికన్నా పైన పెట్టి, 11, 13, 17, ఇలా ఎక్కుతూ పోయి, 59 ఉన్న కట్టను అడుగున పెట్టాను. మధ్యలో 23వ పేజీతో మొదలయ్యే కట్టలు మూడు కనబడితే, వోచర్ల పద్ధతిలో వాటిని 23-ఎ, 23-బి, 23-సి అని పెన్సిలుతో గుర్తించాను. ఆ సంఖ్యలు నవలవి కావనీ, ఒక్కొక్క వారం పత్రికలో సీరియల్ ఎక్కడ పడితే అక్కడి పేజీలవనీ నాకు తోచలేదు. మొత్తం పని పన్నెండు నిమిషాలలో ముగిసింది. జిరాక్సు కుర్రవాడు మెచ్చుకున్నాడు.

నెల తిరిగింది. గోష్ఠి పిన్నిగారి ఇంట్లోనే. ఆవిడకు కథ కంఠతా వచ్చు కాబట్టి ప్రతి అక్కరలేదన్నారు, వంటింటి గడప దగ్గర పీట వేసుకొని ఉల్లిపాయలు తరుగుతూ వింటున్నారు.

మొదట మేనేజరుగారు లేచారు. తాను ఈ నవలను మామూలు అత్తాకోడళ్ళ కథ అనుకొని చులకనగా మొదలుపెట్టాననీ, నాలుగో అధ్యాయంలో అత్తగారు చనిపోయి, ఏడో అధ్యాయంలో పొద్దున్నే లేచి కాఫీలో పంచదార తక్కువైందని కోడలిని దెప్పేసరికి తన ఒళ్ళు గగుర్పొడిచిందనీ అన్నారు. చనిపోయినవారు మనలో నుంచి పోరు, వారి సణుగుడు ఇంట్లోనే ఉంటుంది అన్న సత్యాన్ని రచయిత్రి ఒక్క కాఫీ గ్లాసుతో చెప్పారని ఆయన ముగించినప్పుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన అమ్మగారు కాలం చేసి రెండేళ్ళే అయింది.

హోమియో డాక్టరుగారికి పదమూడో అధ్యాయం నచ్చింది. అందులో కథానాయిక, భర్త రాసిన ఉత్తరం విప్పి, మొదటి వాక్యం చదివి, గుండె చిక్కబట్టుకుంటుంది. ఆ వెంటనే "మెంతులు, ఎండుమిరపకాయలు దోరగా వేయించి, వంకాయలను నాలుగు పక్షాలుగా చీల్చుకొనవలెను" అని ఉంటుంది. పత్రికలో ఆ పేజీ అడుగున వంటల శీర్షిక ఉండేదని మాకెవరికీ తట్టలేదు. భరించలేని దుఃఖం వచ్చినప్పుడు ఆడవారి మనసు వంటింట్లోకి పారిపోతుందనీ, తన వద్దకు వచ్చే రోగులలో ఈ లక్షణం తాను చాలాసార్లు గమనించాననీ, దీనికి మందు కూడా ఉన్నదనీ డాక్టరుగారు చెప్పారు. వంటింటి గడప దగ్గర కత్తిపీట చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

ఇంటి నుంచే సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే అమ్మాయి మాత్రం ముగింపు గురించే మాట్లాడింది. పెళ్ళి అయింది, పోట్లాటలు అయ్యాయి, విడిపోయారు, కోర్టు దాకా వెళ్ళారు, ఇంతా జరిగాక ఆఖరి అధ్యాయంలో కథానాయకుడు రైలు దిగి, ప్లాట్‌ఫారం మీద గొడుగు పట్టుకొని నిలబడ్డ ఆమెను చూసి, "ఏమండీ, ఈ ఊళ్ళో హైస్కూలు ఎటు వైపండీ?" అని అడుగుతాడు. ఆమె ముఖమైనా ఎత్తకుండా దారి చెబుతుంది. అక్కడితో అయిపోతుంది. ఒకరినొకరు ఎరగనట్టు నటించడం కన్నా పెద్ద శిక్ష లేదనీ, రాత్రి రెండింటికి అది చదివి నిద్రపట్టలేదనీ ఆ అమ్మాయి గొంతు జీరపోయింది. మాలో ఇద్దరు ముక్కులు చీదారు. దాచడం దేనికి, వారిలో నేనొకణ్ణి.

లెక్చరరుగారు ఒక్క మాట చెప్పి ముగిస్తానన్నారు. అన్ని నవలలకూ 'సమాప్తం' చివర ఉంటుందనీ, ఈ మహా రచయిత్రి దానిని పదకొండో అధ్యాయం తరువాత పెట్టి కథను అక్కడి నుంచి ధైర్యంగా కొనసాగించారనీ, సంసారంలో సమాప్తం అన్నది నడుమ వచ్చే ఒక మజిలీ మాత్రమేనన్న వేదాంతం ఇందులో ఉన్నదనీ, చైతన్య స్రవంతి విషయంలో సాహిత్య చరిత్రను తిరగరాయవలసి ఉంటుందనీ ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఆ ఊపులో నేను లేచి, బంగారు అక్షరాలు అచ్చొత్తించిన కొత్త బైండును పిన్నిగారి చేతిలో పెట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు.

పిన్నిగారు చెయ్యి కొంగుకు తుడుచుకొని, పుస్తకాన్ని కళ్ళకద్దుకొని, మొదటి పేజీ తెరిచారు. తరువాత మధ్యలో తెరిచారు. తరువాత చివర తెరిచారు.

"నాయనా, ఇందాకటి నుంచి అడుగుదామనుకుంటున్నాను. చచ్చిపోయినావిడ కాఫీ అడగడమేమిటి?"

"అదేనండీ దీని గొప్పదనం," అన్నారు మేనేజరుగారు.

"గొప్పదనం కాదు బాబూ, కాఫీ మూడో వారంలో అడిగింది. పోయింది పంతొమ్మిదో వారంలో. రైలు దిగడం మొదటి వారం. అతగాడు ఆ ఊరికి మేష్టారుగా కొత్తగా వచ్చాడు. ఇంకా వాళ్ళకు పరిచయమే లేదు, ఎరగనట్టు నటించడం ఎక్కడిది?"

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఆ చప్పుడు వినగానే నాకు జిరాక్సు దుకాణం గుర్తుకు వచ్చింది. నిజం ఒప్పుకోక తప్పలేదు. వోచర్ల సంగతి, 23-ఎ, బి, సి ల సంగతి, ఇడ్లీ బండి సంగతి అన్నీ చెప్పాను. లెక్చరరుగారు నా వైపు చూసిన చూపును ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఏ ఆడిటరూ చూడలేదు.

పిన్నిగారు కోపగించుకోలేదు. అప్పటికప్పుడు నా చేతనే కొత్త కుట్టు కోయించి, కట్టలను నట్టింట్లో పరిపించారు. సంఖ్యలు చూడలేదు, కథ కూడా చదవలేదు. కాగితం చేతిలోకి తీసుకొని చెప్పేశారు. పసుపు మరక ఉన్నది పెద్దబ్బాయికి అమ్మవారు పోసిన వారం, అయిదోది. అంచు కాలినది కిరసనాయిలు స్టవ్వు భగ్గుమన్న వారం, తొమ్మిదోది. ఒక కట్ట దగ్గర మాత్రం కాస్త ఆగారు. "ఇది దివిసీమ ఉప్పెన వారం. మా ఆడపడుచు వాళ్ళు పదకొండు మంది కట్టుబట్టలతో వచ్చి ఈ ఇంట్లోనే ఉన్నారు. చంటిది దీని మీద పాలు ఒలకబోసింది," అన్నారు. అంటే 1977 నవంబరు. ఆ కట్ట పదిహేనో స్థానంలో పడింది. ఇరవై ఆరూ పూర్తయ్యేసరికి పకోడీలు మొట్టమొదటిసారిగా చర్చ కన్నా ముందు చల్లారాయి.

సవరించిన ప్రతులతో తరువాతి నెల అదే నవలను మళ్ళీ చర్చించాము. మేష్టారు రైలు దిగాడు, అమ్మాయి దారి చెప్పింది, పెళ్ళయింది, అత్తగారు సణిగింది, మొగుడూ పెళ్ళాలు కోర్టుకెక్కారు, అత్తగారు పోయింది, వాళ్ళు కలుసుకున్నారు, సమాప్తం. తొమ్మిది మంది అభిప్రాయాలూ కలిపి పదకొండు నిమిషాలలో ముగిశాయి. లెక్చరరుగారు తన అభిప్రాయాన్ని మార్చుకోవడానికి నిరాకరించి, రచయిత్రి ఎలా రాశారన్నది అప్రస్తుతమని, తాము చదివిన నవల అదేనని రెండు వాక్యాలలో కూర్చున్నారు. మేనేజరుగారు పాత ప్రతిని పారేయలేదని, కాఫీ అధ్యాయం దగ్గర గుర్తు కూడా పెట్టుకున్నారని వాళ్ళ కోడలు తరువాత చెప్పింది.

అందరూ వెళ్ళిపోతుండగా పిన్నిగారు నన్ను గుమ్మం దగ్గర ఆపి, వంటింట్లోకి ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"నాయనా, ఆ రైలు సంగతి ఆఖరున వచ్చేది ఒకటి నాకూ తీయించి పెట్టు. అక్షరాలు కాస్త పెద్దవిగా వచ్చేలా చూడు."